కలిసిపోయిన సంస్థలు, కలిసిపోని బస్సులు

ఛాయాచిత్రణపై పాఠకుల సందేహాలకు సమాధానాలు ఇచ్చే ఈ శీర్షికకు ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఒకే విషయం చుట్టూ తిరగడం వల్ల, వాటిని ఒకచోట చేర్చి జవాబిస్తున్నాము.

ప్రశ్న: ఉద్యోగ విరమణ తరువాత ఏటా కొన్ని నెలలు కెనడాలోని మార్కమ్‌లో మా అమ్మాయి ఇంట్లో గడుపుతున్నాను. అక్కడి యార్క్ రీజియన్ ట్రాన్సిట్ బస్సులను ఫొటోలు తీయడం అలవాటైంది. అన్నిటి మీదా ఒకే సంస్థ పేరు ఉన్నా, ఒక బస్సుకూ మరో బస్సుకూ పోలిక ఉండదు. ఎందుకిలా? వీటన్నిటినీ చిత్రించాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? ఎండ ఏ వైపు ఉన్నప్పుడు తీయాలి?

జవాబు: మీరు గమనించిన తేడాలకు మూలం 2001 జనవరి 1 నాటి విలీనంలో ఉంది. టొరాంటోకు ఉత్తరాన ఉన్న వాన్, మార్కమ్, రిచ్‌మండ్ హిల్, న్యూమార్కెట్ పట్టణాలు అప్పటిదాకా వేర్వేరుగా నడుపుకుంటున్న బస్సు సర్వీసులు ఆ రోజున ఒకే సంస్థ కిందికి వచ్చాయి. విలీనానికి ముందు ప్రతి పట్టణమూ తన అవసరాన్ని, తన ఖజానాను, తన గ్యారేజీలోని మెకానిక్కుల పనితనాన్ని చూసుకుని బస్సులు కొనుక్కునేది కనుక, కొత్త సంస్థకు పుట్టుకతోనే నానా రకాల బస్సులు వారసత్వంగా దక్కాయి. కాగితం మీద విలీనం ఒక్క రోజులో ముగుస్తుంది గానీ, బస్సు అంత తొందరగా మారదు. పక్కనున్న అమెరికాలో ఫెడరల్ నిధులతో కొనే పెద్ద సిటీ బస్సుకు నిబంధనలు నిర్దేశించిన కనీస సేవాకాలమే 12 ఏళ్లు. అంటే విలీనానికి ముందు రోజు కొన్న బస్సు, విలీనమైన చాలా ఏళ్ల తరువాత కూడా రోడ్డు మీద తిరుగుతూనే ఉంటుంది.

పాత బస్సులు పోయాక అయినా అన్నీ ఒకేలా అవుతాయనుకోకండి. 2005 సెప్టెంబరులో ఇదే సంస్థ వీవా పేరుతో వేగవంతమైన సర్వీసును మొదలుపెట్టినప్పుడు, దాని కోసం ప్రత్యేకంగా బెల్జియం నుంచి వాన్ హూల్ బస్సులను తెప్పించింది. ఆ నీలిరంగు బస్సులు మిగతావాటి నడుమ పరదేశం నుంచి వచ్చిన అతిథుల్లా కనిపించేవి. ఇక తూర్పున ఉన్న డర్హమ్ ప్రాంతం కథ మరింత ఆసక్తికరమైనది. అక్కడి ఏజాక్స్, పికరింగ్ పట్టణాల సర్వీసులు 2001లోనే ఒకటయ్యాయి. అలా ఒకటైన సంస్థ, 2006 జనవరి 1న విట్బీ, ఓషవా, క్లారింగ్టన్ సర్వీసులతో కలిసి డర్హమ్ రీజియన్ ట్రాన్సిట్ అయింది. విలీనంలో విలీనం కనుక, అక్కడి బస్సుల వంశవృక్షం రాసుకోవడానికి ఒక నోటుపుస్తకం వెంట ఉండాలి.

ఎక్కడ మొదలుపెట్టాలన్న దానికి నా సలహా స్పష్టం: రోజూ ఎక్కువగా కనిపించే మామూలు బస్సుతో మొదలుపెట్టండి. అరుదైన బస్సు వచ్చినప్పుడు అందరూ కెమెరాలు తీస్తారు. సర్వసాధారణమైన బస్సును మాత్రం ‘ఎప్పుడైనా తీయవచ్చులే’ అనుకుని వదిలేస్తారు. తీరా అది ఒక ఏడాది గుంపుగా తుక్కుకు వెళ్లిపోయాక, దాని మంచి ఫొటో ఒక్కటీ ఎవరి దగ్గరా దొరకదు. ఓరియన్ బస్సుల సంగతే చూడండి. మిసిసాగాలో పుట్టిన ఆ తయారీ సంస్థ, టొరాంటో చుట్టుపక్కల పట్టణాలన్నిటికీ సొంత ఊరి సరుకు లాంటిది. యాజమాన్య సంస్థ డైమ్లర్ 2012లో ఆ బస్సుల తయారీని ఆపివేస్తున్నట్టు ప్రకటించింది. అప్పటి నుంచి ఓరియన్ బస్సుల సంఖ్య తగ్గడమే గానీ పెరగడం లేదు. ఎక్కే మెట్లున్న ఓరియన్ 5కూ, లోపలి నేల రోడ్డుకు దగ్గరగా ఉన్న (లో ఫ్లోర్) ఓరియన్ 7కూ తేడా చూపాలంటే, బయటి నుంచి ఒక ఫొటో చాలదు. తలుపు తెరిచి ఉన్నప్పుడు మెట్ల వైపు నుంచి మరొకటి తీయాలి. విన్నిపెగ్‌లో తయారయ్యే న్యూ ఫ్లయర్ బస్సుల పేర్లలోనే వివరం ఇమిడి ఉంటుంది: డి40ఎల్ఎఫ్ అంటే డీజిల్, 40 అడుగులు, లో ఫ్లోర్ అని అర్థం. అదే 60 అంకె ఉంటే, అది మధ్యలో హార్మోనియం తిత్తిలాంటి మడత ఉన్న పొడుగు బస్సు.

ఇక ఎండ విషయానికి వద్దాము. మీరున్న ప్రాంతంలో తూర్పు పడమరలుగా సాగే రోడ్లు నేరుగా తూర్పుకు కాక, కొంచెం ఉత్తరానికి వాలి ఉంటాయి. అక్కడ వాహనాలు రోడ్డుకు కుడివైపున నడుస్తాయి కనుక బస్సు తలుపులూ కుడివైపునే ఉంటాయి. ఈ రెండూ కలిసి ఉదయం వేళ మీకు ఒక వరం ఇస్తున్నాయి: హైవే 7 మీద తూర్పుకు వెళ్లే బస్సుకు ముఖమూ, తలుపుల వైపూ రెండూ ఒకేసారి ఎండలో ఉంటాయి. మధ్యాహ్నం దాటాక పడమరకు వెళ్లే బస్సుకు ముఖమూ, డ్రైవరు వైపూ వెలుగుతాయి. తలుపుల వైపు మాత్రం నీడలోనే ఉండిపోతుంది. యంగ్ స్ట్రీట్ మీద దక్షిణానికి వచ్చే బస్సును ఉదయం తూర్పు కాలిబాట నుంచి, మధ్యాహ్నం తరువాత పడమటి కాలిబాట నుంచి తీయండి. పడమటి వైపునే నేను ఎక్కువ ఇష్టపడతాను. అక్కడ మీకూ బస్సుకూ నడుమ ఎదురు వాహనాలు అడ్డురావు. ఉత్తరానికి వెళ్లే బస్సు ముఖం మీద ఎండ చక్కగా పడేది మే చివరి నుంచి జూలై దాకా, అదీ సాయంత్రం పొద్దు వాలే వేళ మాత్రమే. జూన్‌లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు దాదాపు 69 డిగ్రీల ఎత్తుకు చేరతాడు కనుక బస్సు పైకప్పు మెరిసి, చక్రాల చోటు చీకటిగా మిగులుతుంది. డిసెంబరులో సూర్యుడు 23 డిగ్రీలకు మించి ఎక్కడు. చలిని ఓర్చుకోగలిగితే, ఆ నెలలో పగలంతా ఏటవాలు వెలుగే. మరో సంగతి: గడియారాన్ని ఒక గంట ముందుకు జరిపే వేసవి సమయం అమల్లో ఉన్న నెలల్లో సూర్యుడు నడినెత్తికి వచ్చేది 12 గంటలకు కాదు, సుమారు 1 గంటా 20 నిమిషాలకు.

లెన్సు విషయంలో ఒక్కమాట. 18 మిల్లీమీటర్ల దగ్గర పెట్టి బస్సుకు దగ్గరగా నిలబడితే ముఖం ఉబ్బి, తోక సన్నబడుతుంది. కాస్త వెనక్కి జరిగి 50 నుంచి 85 మిల్లీమీటర్ల మధ్య తీస్తే, బస్సు తన అసలు కొలతలతో నిలుస్తుంది. హైవే 7లో బస్సుల దారి రోడ్డు నడుమ ఉన్న భాగాల్లో ఇంకా పొడవైన లెన్సు అవసరమవుతుంది. ఫొటో కోసం దాటుదారి మధ్యలో ఆగడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు.

ప్రశ్న: బస్సు నుదుటి మీద రూటు నంబరు కంటికి స్పష్టంగా కనిపిస్తుంది. ఫొటోలో మాత్రం సగం అక్షరాలే వస్తున్నాయి. నా కెమెరా పాడైందా?

జవాబు: కెమెరాలో లోపం లేదు. ఎల్‌ఈడీ బోర్డులోని దీపాలన్నీ ఒకేసారి వెలగవు. వరుసల వారీగా అతివేగంగా వెలిగి ఆరుతుంటాయి. మన కన్ను వాటిని కలిపి చూస్తుంది. షట్టర్ 1/500 సెకనులో మూసుకుంటే ఆ క్షణంలో వెలిగిన వరుసలే ఫొటోలో పడతాయి. షట్టర్‌ను 1/125కు, అవసరమైతే 1/100కు తగ్గించి చూడండి. చిక్కల్లా ఏమిటంటే, గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వచ్చే బస్సు 1/125 సెకనులో 9 సెంటీమీటర్లు కదిలిపోతుంది. అందుకే స్టాపులో ఆగి ఉన్న బస్సునో, ఆగబోతూ నెమ్మదించిన బస్సునో ఎంచుకుని, వరుసగా నాలుగైదు ఫొటోలు తీయండి. వాటిలో ఒకదానిలోనైనా బోర్డు పూర్తిగా వస్తుంది. కదిలే బస్సే కావాలంటే, దానితో పాటు కెమెరాను తిప్పుతూ తీసే పద్ధతిని అభ్యాసం చేయాలి. అది ఒక్క రోజులో పట్టుబడదు. రూటు పేర్లు అచ్చువేసిన బట్టను చుట్టలా తిప్పే పాత బోర్డులకు ఈ బాధ లేదు. అవి ఇంకా ఎక్కడైనా కనిపిస్తే, బస్సుతో పాటు బోర్డును విడిగా దగ్గరి నుంచి తీసిపెట్టుకోండి.

ప్రశ్న: టొరాంటో ఉన్న ఆంటారియో రాష్ట్రంలోని ఒక బస్సు టెర్మినల్‌లో కాపలా ఉద్యోగి నన్ను ఆపి, తీసిన ఫొటోలు చెరిపివేయమన్నాడు. చెరిపివేశాను. ఆ బాధ ఇంకా పోలేదు. నేను చేసింది తప్పా?

జవాబు: మీరు చేసింది తప్పు కాదు. ఆంటారియోలో బహిరంగ రహదారి మీద నిలబడి బస్సును ఫొటో తీయడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. టెర్మినల్, షాపింగ్ మాల్ వంటి చోట్లు మాత్రం ఒకరి స్థలాలు. ఆస్తిలో అక్రమ ప్రవేశానికి సంబంధించిన అక్కడి చట్టం ప్రకారం, ఫొటోలు తీయవద్దని గానీ, వెళ్లిపొమ్మని గానీ చెప్పే అధికారం స్థలం యజమానికి ఉంది. చెప్పిన వెంటనే బయటికి వచ్చేయడం మీ బాధ్యత. అయితే మీ కెమెరాలోని ఫొటోలను మీ చేత బలవంతంగా చెరిపించే హక్కు కాపలా ఉద్యోగికి లేదు. ఇకమీదట వినయంగా, ‘వెళ్లిపోతానండీ, ఫొటోలు మాత్రం చెరపను’ అని చెప్పి కదలండి. టెర్మినల్‌లో తీయాలనుకుంటే, నడిపే సంస్థకు ముందే ఉత్తరం రాసి అడగడం అన్నిటికన్నా మేలు. డ్రైవర్ల మీదికి ఫ్లాష్ వేయకండి. అది మర్యాదకు సంబంధించిన విషయం మాత్రమే కాదు, ప్రయాణికుల ప్రాణాలకు సంబంధించినది కూడా. డ్రైవరు చేయి అడ్డం పెట్టుకుంటే ఆ ఫొటోను వదులుకోండి.

ప్రశ్న: నా దగ్గర వందల ఫొటోలు పోగుపడ్డాయి. ఏ బస్సు ఏదో నాకే గుర్తు లేదు. ఎలా అమర్చుకోవాలి?

జవాబు: ఫైలు పేరులో ముందు తేదీ, తరువాత బస్సు నంబరు, తరువాత కూడలి పేరు, చివర రూటు నంబరు పెట్టండి. విలీనమైన సంస్థల్లో బస్సుల నంబర్లు మారుతుంటాయి. ఒకరి పాత నంబరు మరొకరి కొత్త నంబరుతో ఢీకొంటుంది కనుక వాటిని మార్చక తప్పదు. అందుచేత ఆనాడు బస్సు మీద కళ్లకు కనబడిన నంబరునే రాయండి. ఏ పట్టణం నుంచి వచ్చిందన్న మీ ఊహను విడిగా, ప్రశ్నార్థకంతో రాసుకోండి. పాత పేరును కప్పేస్తూ అంటించిన స్టిక్కరు, దాని అంచున తొంగిచూసే పాత రంగు, తీసేసిన అక్షరాల నీడ, సీటు బట్ట నేత, టికెట్ డబ్బులు వేసే పెట్టె, ఇలాంటి వాటికి వేరే ఫోల్డరు ఉంచండి. కొత్త రంగు వేయగానే మొదట మాయమయ్యేవి ఇవే. ఆ బస్సు ఒకప్పుడు ఏ ఊరిదో నిరూపించేవీ ఇవే. ఇప్పటికే పోగైన వందల ఫొటోలకు ఒకేసారి పేర్లు పెట్టబోయి విసిగిపోకండి. ఈ వారం తీసిన వాటితో మొదలుపెట్టి, తీరిక దొరికినప్పుడల్లా ఒక్కో నెల చొప్పున వెనక్కి వెళ్లండి. నంబరు అందని ఫొటోలను పారేయవద్దు. అద్దంలో ప్రతిబింబించిన నంబరో, వెనుక నిలిచిన మరో బస్సో ఒక రోజు వాటి ఆచూకీ చెబుతుంది.