సిబిల్ 612తో ఇంటి లోనుకి వెళ్లేముందు ఏది ముందు తీర్చాలి

మీరు రాసిందాన్ని బట్టి పరిస్థితి ఇదీ: పాలకొల్లు పక్క ఊళ్లో తాతగారి స్థలంలో ఇల్లు కట్టాలి, ఎస్టిమేట్ 28 లక్షలు, లోను 20 లక్షలు కావాలి. సిబిల్ స్కోరు (అప్పులు కట్టిన తీరుని చూపే నంబరు) 612. 2021లో 46 వేల కార్డు బాకీని 18 వేలకి సెటిల్ చేసుకున్నారు. క్రాప్ లోను గడువు దాటింది. బావమరిది ట్రాక్టరు లోనుకి హామీ సంతకం పెట్టారు. ఆదాయం రెండెకరాల కౌలు రొయ్యల చెరువు, ఓ కిరాణా కొట్టు. నెలన్నరలో మూడు బ్యాంకులు కాదన్నాయి.

లోను దొరుకుతుందండి, కానీ ఈ నెలలో కాదు. ముందు నాలుగో బ్యాంకు గడప ఎక్కడం ఆపండి. అప్లై చేసిన ప్రతిసారీ మీ క్రెడిట్ రిపోర్టులో (మీ అప్పుల చరిత్రలో) ఒక ఎంక్వైరీ, అంటే బ్యాంకు ఆరా తీసిందన్న నమోదు, పడుతుంది. నెలన్నరలో మూడు పడితే, ఈయన డబ్బుకి బాగా ఇబ్బందిలో ఉన్నాడని తర్వాతి బ్యాంకు అనుకుంటుంది. మీ రిపోర్టు మీరే చూసుకుంటే మాత్రం ఎన్నిసార్లు చూసినా స్కోరు తగ్గదు. కాదన్న బ్యాంకుల్ని కారణం రాతపూర్వకంగా ఇమ్మని అడగండి. ముఖ్య కారణం రాసివ్వాలని ఆర్బీఐ నిబంధనే ఉంది. ఆ కాగితం చూస్తే అడ్డు అప్పుల దగ్గరుందో, ఆదాయం దగ్గరుందో, స్థలం కాగితాల దగ్గరుందో తేలిపోతుంది.

తర్వాత పూర్తి రిపోర్టులు తీయండి. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అని నాలుగు సంస్థలున్నాయి. ఒక్కొక్కటీ ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఉచితంగా ఇచ్చి తీరాలి. ఒకదాంట్లో ఉన్న తప్పు ఇంకోదాంట్లో ఉండకపోవచ్చు కాబట్టి నాలుగూ తీసుకోండి. ఫోన్ యాప్‌లో కనపడే మూడంకెల నంబరుతో పని జరగదు. సిబిల్ పీడీఎఫ్‌లో ఒక్కో అప్పు కింద 36 నెలల దాకా గళ్లుంటాయి. గడిలో 000 ఉంటే ఆ నెల సరిగ్గా కట్టినట్టు. 031, 062, 092 అని పెరుగుతూ పోతే అన్ని రోజులు ఆలస్యమని. 90 రోజులు దాటితే మామూలు లోన్లలో అది మొండిబాకీ. మేనేజరు చూసేది ఈ గళ్లనే. 650 స్కోరున్నా గత 12 నెలలూ వరుసగా 000 ఉన్నవాడి ఫైలు కదులుతుంది. 700 ఉండి పోయిన నెలలోనే 045 ఉన్నవాడిది ఆగిపోతుంది.

తీర్చే వరుస చాలా ముఖ్యం. చాలామంది పాత సెటిల్‌మెంట్‌తో మొదలుపెట్టి చేతిలో డబ్బంతా అక్కడే ఖర్చు చేసేస్తారు. ఈ రోజు గడువు దాటి ఉన్నదాన్ని ముందు తీర్చాలి. మీ విషయంలో అది క్రాప్ లోను. అసలు, వడ్డీ కట్టి రెన్యువల్ చేయించండి, ఇకమీదట 12 నెలల గడువు దాటనివ్వకండి. మాఫీ వస్తుందేమోనని ఆగడం వల్లే మన వైపు ఎన్నో రిపోర్టులు పాడయ్యాయి. మాఫీ వచ్చినా రాకపోయినా ఆ మధ్యలోని ఆలస్యం గళ్లలో పడిపోతుంది. పైగా 3 లక్షల లోపు పంట రుణం సకాలంలో కడితే 7 శాతం వడ్డీ 4 శాతానికి దిగుతుంది. గడువు దాటితే ఆ రాయితీ పోతుంది.

రెండోది బావమరిది ట్రాక్టరు. హామీదారుగా ఆ లోను మీ రిపోర్టులో కూడా ఉంటుంది. ఆయన కిస్తీ తప్పితే ఆ మచ్చ మీకూ అంటుతుంది. ఆలస్యంలో ఉంటే ఇంట్లో కూర్చుని మాట్లాడుకుని ముందు రెగ్యులర్ చేయించండి. మీ బదులు ఇంకొకరు హామీకి ఒప్పుకుని, బ్యాంకు కూడా ఒప్పుకుంటే తప్ప మీ పేరు తీయరు. మొహమాటానికి పెట్టిన సంతకాలు ఇంటి లోను దగ్గర ఇలా బయటపడతాయి. ఇంకెవరికైనా పెట్టి ఉంటే ఇప్పుడే గుర్తు చేసుకోండి.

మూడోది కార్డు. సెటిల్ అయిందంటే బాకీ తీరిందని మనం అనుకుంటాం. రిపోర్టులో మాత్రం ‘సెటిల్డ్’ అని, పక్కన 28 వేలు రైటాఫ్ (బ్యాంకు రానిబాకీగా రాసేసిన మొత్తం) అని ఉంటుంది. అంటే పూర్తిగా కట్టలేదని అర్థం. ఆ బ్యాంకుకి రాయండి: మిగిలిన మొత్తం కడతాను, కట్టాక స్టేటస్ ‘క్లోజ్డ్’ అని పంపుతామని ముందు లెటరివ్వండి అని. లెటరు చేతికొచ్చాకే, నేరుగా ఆ అకౌంటుకే కట్టండి. రికవరీ ఏజెంటు తన ఫోన్‌పే నంబరిస్తే పైసా పంపకండి. బాకీని వేరే రికవరీ కంపెనీకి అమ్మేసి ఉంటే రిపోర్టులో ఆ కంపెనీ పేరే కనిపిస్తుంది, మాట్లాడాల్సింది వాళ్లతోనే. కట్టాక నో డ్యూస్ సర్టిఫికెట్ తీసుకోండి. బ్యాంకులు ఇప్పుడు కనీసం పదిహేను రోజులకోసారి సమాచారం పంపాలి కాబట్టి నెలా రెండు నెలల్లో మారాలి. మారకపోతే ఆ రిపోర్టు ఇచ్చిన సంస్థ (బ్యూరో) సైటులో డిస్ప్యూట్, అంటే తప్పు దిద్దమన్న ఫిర్యాదు, పెట్టండి. 30 రోజుల్లో తేల్చాలి. దాటితే రోజుకి 100 రూపాయల చొప్పున మీకు పరిహారం రావాలి. అప్పటికీ కదలకపోతే ఆర్బీఐ అంబుడ్స్‌మన్‌కి (ఇలాంటి ఫిర్యాదులు వినే అధికారికి) ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు.

నిజంగా జరిగిన ఆలస్యాన్ని మాత్రం ఎవరూ చెరపలేరు. పదివేలిస్తే వారంలో స్కోరు 750 చేస్తామనే వాళ్లకి ఆధార్, ఓటీపీ ఇవ్వకండి, దయచేసి.

మంచి గళ్లు కొత్తగా చేరాలి కదా. దానికి 25 వేలు ఫిక్స్‌డ్ డిపాజిట్ చేసి, దాని మీద క్రెడిట్ కార్డు తీసుకోండి. స్కోరు తక్కువున్నా సాధారణంగా ఇస్తారు. లిమిట్‌లో 30 శాతం దాటకుండా, నెలకి ఐదారు వేలు కొట్టు సరుక్కి వాడి, గడువుకి ముందే మొత్తం కట్టేయండి. మినిమం డ్యూ కట్టి ఊరుకుంటే మళ్లీ మొదటికే వస్తారు. ఇలా ఆరు నుంచి పన్నెండు నెలలు.

ఆ నెలల్లో చెయ్యాల్సిన అసలు పని ఆదాయం కాగితం మీదికి తేవడం. చెరువుల వాళ్లకి డెల్టాలో చిక్కంతా ఇక్కడే. మేత అరువు, మందులు అరువు. పట్టుబడి (రొయ్యలు పట్టి అమ్మే) రోజున కొనేవాడు డబ్బు నేరుగా మేత డీలరుకి సర్దేస్తాడు, మిగిలింది చేతికిస్తాడు. తొమ్మిది లక్షల సరుకు అమ్మినా స్టేట్‌మెంటులో లక్షన్నర కూడా కనపడదు. ఇకనుంచి అమ్మకం మొత్తం మీ అకౌంటులో పడాలి, డీలరుకి అక్కడినుంచి వెళ్లాలి. రొయ్యల ఆదాయం ఐటీ లెక్కలో వ్యవసాయ ఆదాయం కాదు, వ్యాపారం కిందే రిటర్న్ వెయ్యాలి. కనీసం రెండేళ్ల రిటర్న్‌లు అడుగుతారు. రెండూ ఒకే వారంలో వేసినవైతే అనుమానపడతారు. కౌలు అగ్రిమెంటు, చెరువు లైసెన్సు, మేత బిల్లులు, కొట్టు జీఎస్టీ ఉంటే అదీ ఒక ఫైల్లో పెట్టండి.

స్థలం సంగతి. తాతగారిది గ్రామకంఠం (ఊరి నివాస స్థలం) అయితే రిజిస్టర్డ్ దస్తావేజు ఉండకపోవచ్చు. ఇంటి పన్ను రసీదు హక్కు పత్రం కాదు. వారసులంతా కలిసి భాగపంపకం గానీ, మీ పేర గిఫ్ట్ సెటిల్‌మెంటు గానీ రిజిస్టర్ చేయించాలి. తాతగారి మరణ ధ్రువపత్రం, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, పంచాయతీ పాత పన్ను రికార్డు నకళ్లు, 30 ఏళ్ల ఈసీ (స్థలం మీద జరిగిన లావాదేవీలు, తాకట్లు చూపే ధ్రువపత్రం) జతచెయ్యాలి. ఒక్క మేనత్త సంతకం లేకపోయినా బ్యాంకు లాయరిచ్చే లీగల్ ఒపీనియన్ ఆగిపోతుంది. సర్వే నంబరు 22-ఎ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయని భూముల జాబితాలో) ఉందేమో సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో చూడండి. పంచాయతీ ప్లాన్ అప్రూవల్ లేకుండా లోను అడగనే వద్దు.

ఇవన్నీ అయ్యాక కూడా ప్రభుత్వ బ్యాంకు వెనకాడితే హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలున్నాయి. వడ్డీ ఎక్కువ. 20 లక్షలు 20 ఏళ్లకి 9 శాతమైతే ఈఎంఐ 17,995, 12 శాతమైతే 22,022. నెలకి నాలుగు వేల తేడా, మొత్తం కాలానికి 9 లక్షల 66 వేలు. అందుకే నా సలహా 20 బదులు 15 లక్షలే అడగండి, లేదా ఏడాది ఆగండి. తీసుకుంటే ఫ్లోటింగ్ రేటే (ఎప్పటికప్పుడు మారే వడ్డీ) తీసుకోండి. సొంతానికి తీసుకున్న ఫ్లోటింగ్ ఇంటి లోనుకి ముందే తీర్చినా జరిమానా ఉండదు, ఏడాదిన్నర సక్రమంగా కట్టాక బ్యాంకుకి మార్చుకోవచ్చు. సంతకానికి ముందు కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ (వడ్డీ, ఛార్జీలన్నీ ఒకచోట చూపే కాగితం) అడిగి, ఇన్సూరెన్స్ ప్రీమియం లోనులో కలిపేశారేమో చూడండి. ఆ పాలసీ వాళ్ల దగ్గరే కొనాలన్న రూలేమీ లేదు.

డబ్బు విడతలుగా వస్తుంది: పునాది, గోడలు, శ్లాబు, ఫినిషింగ్. మీ వాటా ముందు పెట్టమంటారు. మన నల్లరేగడిలో మెరకకీ పునాదికీ అనుకున్నదానికన్నా ఎక్కువ అవుతుంది, పైల్స్ వేస్తే మరీను. ఆ ఖర్చు ఇంజినీరు ఎస్టిమేట్‌లో మొదటే రాయించండి, లేకపోతే పునాది దగ్గరే పని ఆగుతుంది.

పంట నాలుగు నెలలకోసారి, ఈఎంఐ నెలనెలా. పట్టుబడి డబ్బు పడిన రోజే నాలుగు ఈఎంఐలు, అంటే 22,022 లెక్కన 88 వేలు, లోను కట్ అయ్యే అకౌంటులోకి మార్చేయండి. మేత డీలరు లెక్క ఆ తర్వాతే.