స్టాక్‌హోం సిటీ హాల్: బయట నుంచి చూస్తే చాలదా?

అమ్మానాన్నలతో స్టాక్‌హోం వస్తున్నాం, ఒక్క పూటే ఖాళీ, సిటీ హాల్‌కి టికెట్టు కొని లోపలికి వెళ్లాలా, బయట ఫొటో దిగితే సరిపోతుందా అని అడిగారు. లోపలికే వెళ్లండి. నేను స్టాక్‌హోం శివారు కిస్తాలో ఉంటాను. ఊరి నుంచి పెద్దవాళ్లు ఎవరొచ్చినా ముందు అక్కడికే తీసుకెళ్తాను.

బయట నుంచి కనిపించేది ఎర్ర ఇటుక గోడలు, 106 మీటర్ల టవరు, దాని మీద మూడు బంగారు కిరీటాలు. ఏ రాజులనాటిదో అనిపిస్తుంది గానీ రాగ్నర్ ఓస్ట్‌బెర్గ్ అనే ఆర్కిటెక్టు 1911లో మొదలుపెట్టి 1923లో పూర్తిచేసిన కట్టడం ఇది. ఇప్పటికీ కార్పొరేషన్ ఆఫీసే. అందుకే మన ఇష్టం వచ్చినట్టు తిరగనివ్వరు, గైడ్ వెంటే వెళ్లాలి. ముప్పావు గంట పడుతుంది.

మొదట బ్లూ హాల్. నీలం రంగు వేద్దామనుకున్న ఆర్కిటెక్టు, గోడ లేచాక ఇటుక అందం చూసి మనసు మార్చుకున్నాడట. పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. డిసెంబరు 10న నోబెల్ విందు ఇక్కడే జరుగుతుంది. దాదాపు 1300 మంది అతిథులు, ఒక్కొక్కరికి బల్ల దగ్గర దక్కేది 60 సెంటీమీటర్లే. మన పెళ్లి బంతి కన్నా ఇరుకు! నోబెల్ విందు మొదటిసారి ఈ భవనంలో జరిగింది 1930లో, విశాఖలో చదువుకున్న సి.వి. రామన్‌కి బహుమతి వచ్చిన ఏడాదే. అప్పట్లో విందు పైనున్న గోల్డెన్ హాల్లో పెట్టేవారు. ఈ సంగతి మీ నాన్నగారికి ముందే చెప్పి తీసుకెళ్లండి, చూసే చూపే మారిపోతుంది.

మెట్ల దగ్గర కాస్త ఆగండి. పొడవాటి గౌనుతో తన భార్యను ఎక్కించి దింపించి, ఆవిడకు సుఖంగా అనిపించాకే ఆర్కిటెక్టు మెట్ల ఎత్తు ఖాయం చేశాడని గైడ్లు చెబుతారు. నిజమే అయ్యుంటుంది. మోకాళ్ల నొప్పులున్న మా అత్తయ్య, కుచ్చిళ్లు ఎత్తి పట్టుకోకుండానే చీరతో హాయిగా దిగింది. ఎదుటి గోడ మీద చిన్న నక్షత్రం చెక్కి ఉంటుంది. దిగేవాళ్లు కాళ్ల వంక చూడకుండా తలెత్తి దాన్ని చూస్తూ దిగాలట.

అసలు టికెట్టు డబ్బులు గిట్టేది గోల్డెన్ హాల్లో. బంగారు రేకు పొదిగిన గాజు ముక్కలు, మొత్తం కోటీ ఎనభై లక్షల పలకలతో ఐనార్ ఫోర్సెత్ అనే చిత్రకారుడు గోడలన్నీ నింపేశాడు. చివరి గోడ మీద పెద్ద కళ్లేసుకుని కూర్చున్న రాణి మేలారెన్ సరస్సుకు ప్రతిరూపం. ఆమెకు ఒకవైపు ఐఫిల్ టవరూ, ఇంకోవైపు ఏనుగూ ఉంటాయి, వెతికి చూడండి. పైన, స్టాక్‌హోం రక్షకుడిగా కొలిచే సెయింట్ ఎరిక్ బొమ్మకి తల ఉండదు. ఎత్తు కొలత తప్పి, తల కప్పులోకి పోయింది. అది విని మా మామయ్య, "కాంట్రాక్టర్లు అన్ని దేశాల్లోనూ ఒకటేరా" అన్నాడు.

టవరు వేసవిలోనే తెరుస్తారు, దానికి టికెట్టు వేరు. మొత్తం 365 మెట్లు. లిఫ్టు ఉన్నా సగం దాకానే, ఆపైన ఇరుకు దారి. పెద్దవాళ్లతో వద్దు. ఆ సమయం నీటి ఒడ్డున ఉన్న తోటలో కూర్చోండి, అక్కడ టికెట్టు లేదు. భవనం మొత్తం ఫ్రేములో పడాలంటే మాత్రం అవతలి ఒడ్డున సోడర్‌మాల్మ్‌లోని మోంటెలియస్‌వేగెన్ దారికి వెళ్లాల్సిందే.

గైడ్ చెప్పేది ఇంగ్లీషులోనో స్వీడిష్‌లోనో. పెద్దవాళ్లకు చెవిలో గుసగుసగా అనువాదం చేస్తూ మీరు సగం వదులుకోవద్దు. సెంట్రల్ స్టేషన్ నుంచి పది నిమిషాల నడకే, ఆ దారిలోనే ఈ కథలన్నీ చెప్పేయండి. సమావేశాలూ విందులూ ఉన్న రోజుల్లో టూర్లు ఉండవు, నోబెల్ రోజుల్లో అసలే ఉండవు. ముందు తేదీ చూసుకుని ఆన్‌లైన్‌లో కొనుక్కోండి.