అమ్మ వీణ గురించి నీకొక మాట

చిరంజీవి నాన్నకు,

మైలాపూరు నుంచి పిన్ని ఆశీస్సులు. మొన్న ఆదివారం ఫోన్లో నువ్వు "పిటిషన్ వేస్తాను పిన్నీ, అది మా అమ్మ వీణ, నా దగ్గరే ఉండాలి" అన్నప్పుడు నేను జవాబు చెప్పకుండా పెట్టేశాను. ఫోన్లో అయితే మాట పూర్తి కానివ్వవు, అందుకే రాస్తున్నాను. చివరిదాకా చదివాకే నాకు ఫోన్ చెయ్యి.

అది మీ అమ్మ వీణే. కాదని ఎవరన్నారు? బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఒకే పనస దుంగను తొలిచి చేసిన ఏకాండి వీణ. అక్క పెళ్లయి మద్రాసు కాపురానికి వస్తూ, మెయిల్లో బెర్తు దానికిచ్చి తను రాత్రంతా కూర్చునే వచ్చింది. నేనూ ఆ బండిలో ఉన్నాను, అప్పుడు నాకు పన్నెండేళ్లు. దాని మీద నీకెంత మమకారమో నాకూ అంతే. కానీ అక్క పోయే ముందు సంవత్సరం విజయదశమినాడు ఏం జరిగిందో నీకూ గుర్తుంది. అప్పటికి నీకూ నీ భార్యకూ విడాకులు కాలేదు, కలిసే ఉన్నారు. అందరి ఎదురుగా అక్క ఆ వీణను నీ కూతురు, మన పాప ఒళ్లో పెట్టి, "ఇక ఇది నీది తల్లీ" అంది. పాప దాన్ని పట్టుకోలేక పక్కకు ఒరిగిపోతే నువ్వే చెయ్యి అడ్డం పెట్టావు.

చట్టం సంగతి ముందే చెప్పేస్తాను. హిందూ వివాహ చట్టం 27వ సెక్షన్ కింద కోర్టు తేల్చేది పెళ్లి సమయంలో వచ్చి, భార్యాభర్తలిద్దరికీ ఉమ్మడిగా చెందిన వస్తువుల లెక్క. ఈ వీణ అందులోకి రాదు. ఇలాంటి వస్తువును దానం ఇవ్వడానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, చేతికి అందిస్తే చాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టమే చెబుతోంది. తండ్రిగా మైనరు వస్తువును నువ్వు చూసుకోవచ్చు, కానీ అది ఆ పిల్ల మేలు కోసమే. నువ్వు పిటిషన్ వేస్తే, వీణ ఎక్కడుంటే పాపకు మంచిదని జడ్జిగారు అడుగుతారు. "మా అమ్మది" అని నువ్వనేది ఆ ప్రశ్నకు జవాబు కాదు.

పాప సోమవారం నుంచి శుక్రవారం దాకా వేళచ్చేరిలో వాళ్లమ్మ దగ్గర. వీణేమో పెరంబూరులో నీ హాల్లో. పాప శనివారం మధ్యాహ్నం వస్తుంది, ఆదివారం రాత్రికి వెళ్లిపోతుంది. వీణ నేర్చుకునే పిల్లకు రోజూ కనీసం అరగంట వాయిద్యం చేతిలో ఉండాలి. తీగ నొక్కి నొక్కి వేళ్ల కొసలు కాయలు కాసేదాకా నొప్పి తప్పదు. వారం వారం ఐదేసి రోజులు ఆపుతూ పోతే ఆ చర్మం గట్టిపడదు. అంటే మన పాపకు ప్రతి శనివారం మొదటి రోజే. పోయిన నెల నేను మీ ఇంటికి వచ్చినప్పుడు మోహన వర్ణం వాయించింది గుర్తుందా? స్వరాన్ని ఊపే గమకం కోసం తీగ లాగాల్సిన చోటల్లా వేలు వెనక్కి తీసేసుకుంటోంది. నువ్వది చూసి, "శ్రద్ధ లేదు, వాళ్లమ్మ పట్టించుకోవడం లేదు" అన్నావు. పాప తలెత్తలేదు. అది శ్రద్ధ లేక కాదు నాన్నా, వేలు నొప్పి.

నేను చేసిన తప్పు ఒకటి నీకు చెప్పాలి. ఇంతవరకూ ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. లాయరుగా ప్రాక్టీసులో ఉన్న రోజుల్లో ఒక తండ్రి తరఫున ఇలాంటి విషయంలోనే వాదించాను. తొమ్మిదేళ్ల బాబు, వాడికొక టెలిస్కోపు. మా క్లయింటు ఇంటి డాబా మీద నుంచి ఆకాశం బాగా కనిపిస్తుంది కాబట్టి అది అక్కడే ఉండాలని మీడియేషన్‌లో, అంటే మధ్యవర్తి ముందు, అవతలి వాళ్లను ఒప్పించాను. గెలిచామనే అనుకున్నాను. బాబు వచ్చేది నెలకు రెండు శనివారాలు. ఆ రెండు రాత్రులూ మబ్బు పట్టకుండా ఉంటేనే వాడికి చంద్రుడు. ఏడాది తర్వాత ఆయన వేరే పని మీద వచ్చినప్పుడు అడిగితే, ఇప్పుడు వాడు దాని జోలికే పోవడం లేదన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వాడు రోజూ రాత్రి నిద్రపోయేది ఏ ఇంట్లో అని నేను ఒక్కసారైనా అడిగి ఉండాల్సింది.

అందుకే చెబుతున్నాను, వీణను వేళచ్చేరికి పంపించు. ఒక వారం ఇక్కడ, ఒక వారం అక్కడ అని నువ్వన్న రాజీ కూడా వద్దు. తీగ కింద వరుసగా ఉండే ఆ 24 మెట్లూ నిలబడింది మైనం మీద. చెన్నై ఎండలో మూసిన కారులో కాసేపు వదిలేస్తే మైనం మెత్తబడి మెట్టు పక్కకు జరుగుతుంది, ఇక మేళం, అంటే ఆ మెట్ల వరుస, మళ్లీ కట్టించాల్సిందే. వారం వారం ఊరి ఆ చివర నుంచి ఈ చివరకు తిప్పడానికి అది స్కూలు బ్యాగు కాదు.

నువ్వు చెప్పినవాటిలో నేను ఒప్పుకునే అభ్యంతరం ఒక్కటే. వాళ్లది గ్రౌండ్ ఫ్లోర్. 2015 డిసెంబరులో, మళ్లీ 2023లో మిచాంగ్ తుఫానుకు వేళచ్చేరి ఎలా మునిగిందో అందరం చూశాం. నీళ్లు తగిలితే చెక్క పాడవుతుంది. కాబట్టి ఆ మాట కాగితం మీద రాసుకోండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వీణ నేల మీద ఉండకూడదు. రెడ్ అలర్ట్ అన్న రోజు పైఅంతస్తు వాళ్లింట్లో పెట్టాలి, లేదా ముందే నీకు ఫోన్ చేస్తే నువ్వు వెళ్లి తెచ్చుకోవాలి. తీగలు, మేళం ఖర్చు సగం సగం. పాప పెద్దయ్యేదాకా ఇద్దరిలో ఎవరూ అమ్మకూడదు, ఎవరికీ ఇవ్వకూడదు. ఒక పేజీ చాలు, కింద ఇద్దరూ సంతకాలు పెట్టండి. మీ విడాకులప్పుడు ఇద్దరూ కలిసి రాసుకున్న జాయింట్ మెమోలో ఫ్రిజ్ దాకా రాశారు గానీ పాప వస్తువు ఒక్కటీ రాయలేదు. నేను చూసిన చాలా కేసుల్లో గొడవ మళ్లీ రాజుకునేది అక్కడే. మీరిద్దరూ మాట్లాడుకోలేకపోతే హైకోర్టు ఆవరణలోనే మీడియేషన్ సెంటర్ ఉంది, 2005 నుంచి నడుస్తోంది. ముందు అక్కడ కూర్చోండి, పిటిషన్ మాట తర్వాత.

పాప వాళ్లమ్మకు నువ్వే ఫోన్ చెయ్యి. వాట్సాప్ వద్దు, అది ఇద్దరి లాయర్ల దగ్గరికీ చేరుతుంది. "మీ అమ్మకు చెప్పు" అని పాపతో కబురు అసలే పంపకు. ఇంకోటి, పోయిన వారం భోజనాల దగ్గర పాపను "వీణ ఎక్కడుండాలి, నువ్వే చెప్పు" అని అడిగావట. పాపే నాకు చెప్పింది, చెబుతూ ఏడ్చింది. పిల్లల ఇష్టం తెలుసుకోవాల్సి వస్తే జడ్జిగారు కూడా తల్లిదండ్రులను బయట కూర్చోబెట్టి తన గదిలో మెల్లగా అడుగుతారు. నువ్వు అన్నం ముందు కూర్చోబెట్టి, ముఖంలోకి చూస్తూ అడిగావు. ఇంకెప్పుడూ అలా చెయ్యకు. అది మీ ఇద్దరు పెద్దవాళ్లూ తేల్చుకోవాల్సిన విషయం.

పాపతో చెప్పేటప్పుడు, "రోజూ వాయించుకోవడానికి వీలుగా ఉంటుందని నేనూ అమ్మా అనుకున్నాం" అను చాలు. "నీ కోసం వదులుకుంటున్నాను" అనకు. ఆ మాట అన్నావంటే తీగ ముట్టుకున్నప్పుడల్లా నువ్వు బాధపడుతున్నావని గుర్తొస్తుంది దానికి. వీణ వెళ్లిన చోట హాలు బోసిగా ఉంటుంది, నాకు తెలుసు. అందుకని ఇంకా ఖరీదైనది కొనకు, అది మళ్లీ పోటీ అవుతుంది. శనివారం పాప వస్తే పక్కన కూర్చుని తాళం వెయ్యి, వారంలో నేర్చుకున్నది నోటితో పాడించుకో. అక్క నీకు నేర్పింది అలాగే కదా, వీణ లేకుండానే.

వచ్చే శనివారం పొద్దున్న ఆరింటికల్లా పెరంబూరు వస్తాను. ఎండెక్కకముందే బయలుదేరదాం. తీగలు కాస్త వదులు చేసి, సొరకాయ బుర్ర విప్పి తువ్వాలులో చుట్టి ఉంచు. కారు నువ్వు నడుపు. వెనక సీట్లో వీణను నేను పట్టుకుంటాను.

ఆశీస్సులతో,
మీ పిన్ని