ఏడో మ్యాచ్ పోయిన రాత్రి

ప్రశ్న: మేము సియాటిల్ పక్కన సమామిష్‌లో ఉంటాం. మా బాబుకు పన్నెండేళ్లు. మారినర్స్ బేస్‌బాల్ జట్టంటే వాడికి ప్రాణం. 2025 అక్టోబరు 20న టొరంటోలో, సెమీఫైనల్ లాంటి సిరీస్‌లో చివరిదైన ఏడో మ్యాచ్ ఓడిపోయిన రాత్రి అన్నం ముట్టలేదు. హోమ్ రన్ (బంతిని కంచె దాటించే దెబ్బ) ఇచ్చిన పిచర్, అంటే బంతి విసిరేవాడి పేరు కాగితం మీద రాసి, ముక్కలుగా చించి చెత్తబుట్టలో వేశాడు. జెర్సీని బట్టల అరలో అడుగున కుక్కాడు. నవంబరు మొదట్లో లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ జట్టు వరుసగా రెండో ఏడు కప్పు గెలిస్తే, వాళ్ల నాన్న ఓదార్పుగానే, ‘గెలిచే జట్టును చూసుకోరా, మనకు ఈ ఏడుపు ఎందుకు’ అన్నారు. వాడు రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఇప్పుడేమో కొత్త సీజన్ మొదలయ్యే మార్చి ఎప్పుడొస్తుందా అని గోడ మీది క్యాలెండర్‌లో రోజులు కొట్టేస్తున్నాడు. ఈ జట్టునే పట్టుకుని కూర్చుంటే, ఓడిపోవడం మామూలే అనుకునే పిల్లవాడిగా తయారవుతాడేమోనని నా భయం. మాన్పించమంటారా?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, మాన్పించకండి. మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఆ రాత్రి మా ఇంట్లోనూ అన్నం గిన్నె మూత తీయలేదు. తొమ్మిది ఇన్నింగ్స్ ఆటలో ఏడో ఇన్నింగ్స్ దాకా మనమే 3-1 ఆధిక్యంలో ఉన్నాం. వరల్డ్ సిరీస్ అనే ఫైనల్ చేరడానికి టొరంటోవి ఇంకా ఎనిమిది అవుట్లు తీస్తే చాలు. టొరంటో బ్యాటర్ జార్జ్ స్ప్రింగర్ కొట్టిన బంతి కంచె దాటింది, మూడు పరుగులు వచ్చాయి, 4-3తో అంతా అయిపోయింది. 1977లో పుట్టిన జట్టు ఇది. పెద్ద లీగ్‌లోని ముప్పై జట్లలో ఇప్పటి వరకు వరల్డ్ సిరీస్ ఆడని జట్టు ఇదొక్కటే. అలాంటి చోట ఎనిమిది అవుట్ల దూరం దాకా వచ్చి పోయిందంటే పన్నెండేళ్ల పిల్లవాడు ఏడవడా? నాకు అరవై దాటాయి, నేనూ ఏడ్చాను.

నా సంగతి చెబుతాను, మీకు పనికొస్తుంది. 1999 చివర్లో పెళ్లయిన కొత్తలో కాదు, ఇద్దరు పిల్లల తల్లిగా రెడ్‌మండ్ వచ్చాను. ఆయన ఉదయం వెళితే రాత్రికి వచ్చేవారు. పిల్లలు బడికి పోయాక మాట్లాడే మనిషి లేదు. కింది వాటాలో ఒక పెద్దావిడ ఒంటరిగా ఉండేది. వేసవి సాయంత్రాల్లో వరండాలో రేడియో పెట్టుకుని, ఒళ్లో గళ్ల పుస్తకం, చేతిలో పెన్సిల్‌తో కూర్చునేది. ఒకరోజు పప్పు తాలింపు వాసనకు తలెత్తి, అదేమిటని అడిగింది. ఒక గిన్నెలో పోసి తీసుకెళ్లాను. ఆమె కుర్చీ లాగి నన్ను కూర్చోబెట్టి, పుస్తకం నా వైపు తిప్పింది.

ఆ పుస్తకంలో మ్యాచ్ మొత్తం రాసుకోవాలి. ప్రతి బ్యాటర్‌కూ ఒక గడి, గడిలో చిన్న డైమండ్, అంటే పరుగుకు చుట్టాల్సిన నాలుగు బేస్‌ల బొమ్మ. బేస్ చేరిన కొద్దీ ఒక్కొక్క గీత. మూడు స్ట్రైకులైతే బ్యాటర్ అవుట్. బ్యాటు ఊపి మూడోది తప్పితే ఇంగ్లీషు ‘కె’ అక్షరం మామూలుగా, ఊపకుండా చూస్తూ నిలబడి అవుటైతే అదే అక్షరం తిరగేసి. ఆవిడ తిరగేసిన ‘కె’ రాసిన ప్రతిసారీ పెన్సిల్ కొంచెం గట్టిగా నొక్కేది. కాగితం వెనకవైపు వేలితో తడిమితే ఆ అక్షరం తగిలేది. నేను ఇంగ్లీషు వినడం నేర్చుకున్నది ఆ వరండాలోనే, డేవ్ నీహౌస్ వ్యాఖ్యానం వింటూ. 1977లో జట్టు ఆడిన మొదటి మ్యాచ్ నుంచి 2010లో కన్నుమూసే దాకా ఆయనే మారినర్స్ గొంతు. ముప్పై నాలుగు సీజన్లు చెప్పిన ఆ మనిషికి తన జట్టు వరల్డ్ సిరీస్‌లో ఆడుతుండగా చెప్పే భాగ్యం మాత్రం దక్కలేదు.

2001లో మారినర్స్ 116 మ్యాచ్‌లు గెలిచారు. అంతకు ముందు 1906లో చికాగో కబ్స్ ఒక్కరే అన్ని గెలిచారు. ఆ మహా సంవత్సరంలోనే ఆగస్టు 5న క్లీవ్‌లాండ్‌లో 14-2 ఆధిక్యంలో ఉండి, పదకొండో ఇన్నింగ్స్‌లో 15-14తో ఓడిపోయారు. ఆ పేజీ ఇప్పటికీ నా దగ్గరుంది. పై సగం నీటుగా, కింది సగం గజిబిజిగా, చివరి గడిలో రబ్బరుతో చెరిపి చెరిపి కాగితం పలచబడి ఉంటుంది. నేను బాధతో పుస్తకం మూసేస్తే ఆవిడ తెరిచి, తేదీ వేయించింది. ఓడిన మ్యాచ్‌కు కూడా తేదీ వేయాలి అంది. ఆ ఏడు అక్టోబరులో న్యూయార్క్ యాంకీస్ చేతిలో ఓడాం. మళ్లీ ప్లేఆఫ్స్ (సీజన్ చివర కప్పు కోసం జరిగే పోటీలు) ముఖం చూడటానికి ఇరవై ఒక్క ఏళ్లు పట్టింది. ఆవిడ ఆ రోజు చూడకుండానే పోయింది. గళ్ల పుస్తకాలు నాకు ఇమ్మని చెప్పి పోయింది.

ఇప్పుడు మీ భయం సంగతి. ఓటమికి అలవాటు పడినవాడు ఏడవడు, అన్నం మానడు. ఛానెల్ మార్చి పడుకుంటాడు. మీ బాబు అలవాటు పడలేదు కాబట్టే ఆ పిచర్ పేరు చించాడు. ఆ ఒక్క పని మాత్రం సరిదిద్దండి. ఎడ్వర్డ్ బజార్డో ఆ సంవత్సరమంతా జట్టు నమ్ముకున్న పిచర్లలో ఒకడు. కష్టమైన ఇన్నింగ్స్‌లలో బంతి అతని చేతికే ఇచ్చారు, ఆ రాత్రి కూడా అందుకే ఇచ్చారు. ఒక్క బంతికి మనిషిని చెత్తబుట్టలో వేయకూడదని వాడికి మెత్తగా చెప్పండి. ఈ మాట మీరు చెబితేనే వింటాడు, ఎందుకంటే వాళ్ల నాన్న మీద ఇంకా కోపంగా ఉన్నట్టున్నాడు.

కోపం తెచ్చుకోవలసిన చోటు వేరే ఉంది. 2023లో ఒక్క గెలుపు తేడాతో ప్లేఆఫ్స్ చేజారాక, ఆట వ్యవహారాలు చూసే అధికారి పదేళ్ల మీద సగటున 54 శాతం మ్యాచ్‌లు గెలవడం లక్ష్యమన్నట్టు మాట్లాడారు. మరుసటి ఏడూ ఒక్క గెలుపు తేడాతోనే పోయింది. మంచి బ్యాటర్ల మీద డబ్బు పెట్టండని అడిగే హక్కు టికెట్టు కొన్న ప్రతి ఇంటికీ ఉంది. జట్టును వదలనివాళ్లే ఆ ప్రశ్న గట్టిగా అడగగలరు. మీ బాబుతో ఆ ఉత్తరం రాయించండి. నేను మూడు రాశాను.

ఇక వాళ్ల నాన్న మాట. ఆయన ప్రేమతోనే అన్నారు, కాదనను. కానీ డాడ్జర్స్ గెలిస్తే మీ బాబుకు ఏమి వస్తుంది? ఒక సీజన్‌లో 162 మ్యాచ్‌లు. ఏప్రిల్ చలిలో పైకప్పు మూసి ఆడినవి, జూలైలో రాత్రి తొమ్మిదికీ వెలుగుండగా ఆడినవి, పక్కనే పోయే గూడ్సు బండి కూత మైదానంలోకి వినబడుతుండగా ఆడినవి. వాడు ఆ సాయంత్రాలన్నీ కూర్చున్నాడు. బ్యాటర్ వెనక కూర్చుని బంతి పట్టే మన క్యాచర్ కాల్ రాలీ 2025లో అరవై హోమ్ రన్లు కొట్టాడు. ఆటలో ఏ క్యాచరూ అన్ని కొట్టలేదు. వాటిని వాడు ఒక్కొక్కటిగా లెక్కపెట్టే ఉంటాడు. ఆ లెక్క వేరే ఊరి జట్టుకు బదిలీ కాదు.

ఫెలిక్స్ హెర్నాండెజ్ గురించి వాడికి తెలుసేమో అడగండి. 2005 నుంచి 2019 దాకా మాకు పిచర్. 2012 ఆగస్టు 15న ఇరవై ఏడు మంది బ్యాటర్లు వస్తే ఒక్కరినీ బేస్ చేరనివ్వలేదు. పెద్ద జట్లలో ఎక్కడికైనా పోగలిగినవాడు, 2013లో ఇక్కడే మరో ఏడేళ్లకు సంతకం పెట్టి విలేకరుల ముందే కళ్లు తుడుచుకున్నాడు. ఒక్క ప్లేఆఫ్ మ్యాచ్ ఆడకుండానే వెళ్లిపోయాడు. చివరి రోజు నేను అతని కోసం పసుపు చొక్కాలు వేసుకొచ్చే అభిమానుల మధ్య కూర్చున్నాను. అతను వాళ్ల వైపు తిరిగి వంగి నమస్కరించినప్పుడు, గెలిచిందెవరో ఆ క్షణాన అక్కడ ఎవరికీ పట్టలేదు.

2022 అక్టోబరు 15 కూడా చెప్పాలి. ఇరవై ఒక్క ఏళ్ల తర్వాత సొంత మైదానంలో మొదటి ప్లేఆఫ్ మ్యాచ్. పద్దెనిమిది ఇన్నింగ్స్, ఆరు గంటల ఇరవై రెండు నిమిషాలు. పదిహేడు ఇన్నింగ్స్ ఒక్క పరుగూ లేదు. అదృష్టం కలిసి రావాలని జనం బూట్లు విప్పి నెత్తిన పెట్టుకున్నారు. మా అబ్బాయి కూడా పెట్టుకున్నాడు. పాదరక్ష తలకు తగలకూడదని పెరిగిన ప్రాణం నాది, నా వల్ల కాలేదు. రెండు చేతులూ జోడించి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. హ్యూస్టన్ 1-0తో గెలిచింది. బయటికి వస్తుంటే ముందు నడుస్తున్న ముసలాయన ఒకరు, ముక్కూ ముఖమూ తెలియని మా అబ్బాయి భుజం మీద చెయ్యి వేసి, మెట్ల కింది దాకా తీయకుండా నడిచారు.

జెర్సీ మీరు తీయకండి, వాడే తీసుకుంటాడు. ఒక గళ్ల పుస్తకం, రెండు పెన్సిళ్లు కొనివ్వండి. మొదటి మ్యాచ్‌కు ముగ్గురూ కూర్చోండి. వాళ్ల నాన్నకు ‘కె’ తిరగేయడం మీ బాబునే నేర్పమనండి.

ప్రశ్న: చికాగోలో చదువుకుంటున్నాను. మా ఇంటి యజమాని కబ్స్ అభిమాని. 2016లో కప్పు గెలిచిన రాత్రి గురించి చెబుతూ ఇప్పటికీ కళ్లనీళ్లు పెట్టుకుంటారు. గెలిచినందుకు ఏడుపెందుకు?
– ఒక విద్యార్థి

జవాబు: 1908 తర్వాత 2016. నూట ఎనిమిదేళ్లు బాబూ. ఆ వారంలో కబ్స్ అభిమానులు తమ జట్టు రిగ్లీ మైదానం ఇటుక గోడల దగ్గరికి సుద్దముక్కలు పట్టుకుని వెళ్లారు. ఎదురుచూస్తూ పోయిన తండ్రుల పేర్లు, అమ్మమ్మల పేర్లు, అన్నదమ్ముల పేర్లు రాశారు. చేతికి అందినంత ఎత్తు నిండిపోతే ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి రాశారు. మీ ఇంటాయనను ఒకసారి అడగండి, ఆయన ఎవరి పేరు రాశారో.

సియాటిల్ మైదానం బయటి గోడ కూడా ఇటుకదే. కింది వాటా ఆవిడ ఇచ్చిన ఆఖరి గళ్ల పుస్తకంలో, ఖాళీ పేజీల మధ్య, నేనొక సుద్దముక్క పెట్టి ఉంచాను.