చిన్నచూపు చూశారు సరే, అడ్వాన్స్ కట్టిన రుజువు ఏది?

ప్రశ్న: ఇరవై నెలల కిందట ఒక సెలూన్‌లో ఫోన్ ద్వారా టైమ్ బుక్ చేసుకుని, యూపీఐలో అడ్వాన్స్ కట్టి, డ్యూటీ నుంచి నేరుగా వెళ్లాను. నలిగిన చీర, అరిగిన చెప్పులు చూసి రిసెప్షన్‌లో అమ్మాయి "ఇక్కడ రేట్లు ఎక్కువండీ, మీకు కుదరదేమో" అంది. నా తర్వాత వచ్చినవాళ్లను ముందు పిలిచారు. చాలాసేపు కూర్చోబెట్టి, చివరికి పని నేర్చుకుంటున్న అమ్మాయి చేత జుట్టు కత్తిరింపించారు. ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ. మిగతా డబ్బు నగదుగా తీసుకున్నారు, అడిగినా బిల్లు ఇవ్వలేదు. ఫొటోలు ఉన్నాయి. బుకింగ్ మెసేజ్ కోపంలో డిలీట్ చేశాను. ఆ రిసెప్షన్ అమ్మాయి మీద వీడియో తీసి నెట్‌లో పెడతామని బెదిరించి సెలూన్‌వాళ్లను డబ్బు అడుగుదాం అంటున్నాడు మా తమ్ముడు. కేసు వేయవచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: వేయవచ్చు. అయితే ఆ అమ్మాయి అన్న మాట మీద కాదు. మీరు ఒక్క ముక్కలో చెప్పి వదిలేసిన అడ్వాన్స్ మీదే కేసంతా నిలబడుతుంది. డబ్బు చెల్లించి సేవ పొందినవారే వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం వినియోగదారు. అడ్వాన్స్ కట్టి బుక్ చేసుకున్న టైమ్‌కు పిలవకపోవడం, పని సరిగా చేయకపోవడం సేవాలోపం. చిన్నచూపు వల్ల పడ్డ మనోవేదనకు పరిహారం అడగవచ్చు కానీ, ముందు ఈ లోపం రుజువు కావాలి.

బట్టలు చూసి తక్కువ చేయడం వివక్ష కాదా అని మీకు అనిపిస్తుంది. రాజ్యాంగం 15(2) అధికరణం దుకాణాల్లోకి ప్రవేశం విషయంలో మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు ఆధారంగా అడ్డుకోకూడదంటుంది. 'దుకాణం' అంటే సేవలందించే చోట్లు కూడా వస్తాయని అంబేడ్కర్ రాజ్యాంగ సభలోనే వివరించారు. కానీ నలిగిన చీర ఆ జాబితాలో లేదు. ఒకవేళ కులం మాట ఎత్తి ఉంటే చెప్పండి, దానికి వేరే చట్టాలున్నాయి, దారి పూర్తిగా మారుతుంది.

మెసేజ్ డిలీట్ చేయడం పెద్ద పొరపాటు. కోపం వచ్చినప్పుడు కాగితాలు దాచుకోవాలి గానీ చింపేయకూడదు. అప్పుడే ఒక ఉత్తరం రాసి ఉంటే సీసీటీవీ ఫుటేజీ భద్రపరచమని అడిగే వీలుండేది. ఇన్ని నెలల తర్వాత అది మిగిలి ఉంటుందనుకోను. అయినా అడ్వాన్స్ వెళ్లినట్టు మీ బ్యాంకు స్టేట్‌మెంట్‌లో తేదీతో సహా ఉంటుంది. బ్రాంచికి వెళ్లి ముద్ర వేయించి తీసుకోండి. బుకింగ్ రికార్డు సెలూన్ దగ్గర ఉంటే తెప్పించమని, ఫిర్యాదు వినే వినియోగదారుల కమిషన్‌ను కోరవచ్చు. ఫొటోలున్న ఫోన్ అమ్మకండి, మార్చకండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమం (సాక్ష్యాల చట్టం) 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్ జతచేస్తే ఎదుటివాళ్లు వేలెత్తి చూపలేరు. జుట్టు మళ్లీ ఎక్కడైనా సరిచేయించుకుని ఉంటే ఆ బిల్లు వెతకండి. అడిగినా బిల్లు ఇవ్వకపోవడం వినియోగదారుల రక్షణ చట్టంలో అనుచిత వ్యాపార పద్ధతి కిందికి వస్తుంది. అది మీకు అనుకూలం, ఫిర్యాదులో విడిగా రాయండి.

ఎంత అడగాలన్న దగ్గర ఆవేశపడకండి. 2018లో ఢిల్లీలోని ఒక హోటల్ సెలూన్‌లో జుట్టు తప్పుగా కత్తిరించారని ఒక మహిళకు జాతీయ వినియోగదారుల కమిషన్ రెండు కోట్ల రూపాయల పరిహారం ఇచ్చింది. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు సేవాలోపం ఉందన్న మాట జోలికి పోలేదు గానీ, నష్టానికి సాక్ష్యం లేకుండా అంత మొత్తం ఇవ్వడం కుదరదని ఆ ఉత్తర్వు పక్కన పెట్టి, కేసును వెనక్కి పంపింది. మీరు కట్టిన డబ్బు, సరిచేయించిన ఖర్చు, మనోవేదనకు సబబైన మొత్తం, కోర్టు ఖర్చులు అడగండి, చాలు.

మీ తమ్ముడి సలహా మాత్రం పొరపాటున కూడా వినకండి. డబ్బివ్వకపోతే పరువు తీసే మాట బయటపెడతానని బెదిరించి డబ్బు తీసుకోవడం భారతీయ న్యాయ సంహిత (నేరాలు, శిక్షల చట్టం) 308వ సెక్షన్‌లో బలవంతపు వసూలుకు ఇచ్చిన మొట్టమొదటి ఉదాహరణ. శిక్ష ఏడేళ్ల వరకు. ఒక్క వాట్సాప్ మెసేజ్ పంపితే చాలు, ఫిర్యాదుదారుగా ఉండాల్సిన మీరు ముద్దాయిగా నిలబడతారు. ఊరికే వీడియో పెట్టినా 356వ సెక్షన్ కింద పరువునష్టం కేసు ఎదుర్కోవాల్సి రావచ్చు. మీ పేరుతో, జరిగింది జరిగినట్టు రివ్యూ రాస్తే నాకు అభ్యంతరం లేదు. స్నేహితుల చేత దొంగ రివ్యూలు మాత్రం రాయించకండి.

ఇక గడువు. ఘటన జరిగిన రోజు నుంచి రెండేళ్లు, వినియోగదారుల రక్షణ చట్టం 69వ సెక్షన్. మీకు మిగిలింది నాలుగు నెలలే. నోటీసు ఇస్తే గడువు పెరుగుతుందని చాలామంది అనుకుంటారు, పెరగదు. యజమాని పేరున పదిహేను రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపి, రసీదు, డెలివరీ రిపోర్టు దాచుకోండి. జవాబు రాకపోతే మీరు ఉంటున్న జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. సెలూన్ ఎక్కడున్నా పర్వాలేదు. చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపు అయితే ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు. ఆ రోజు మీతో ఎవరైనా వచ్చి ఉంటే వాళ్ల అఫిడవిట్ కూడా ఇప్పుడే సిద్ధం చేయించండి.