ఉగాదికి ఊరెళ్తే పక్షులు, చుక్కలు చూడటానికి టెలిస్కోప్ కొనాలా?

అక్కర్లేదు. పక్షులకు 8x42 బైనాక్యులర్స్ (ఎనిమిది రెట్లు పెద్దగా చూపించేవి, ముందు అద్దం 42 మి.మీ.) ఉంటే మంచిదే, లేకపోయినా పర్వాలేదు.

పొద్దున్నే ఆరింటికల్లా పొలం గట్టు మీద ఉండండి. ఎండెక్కితే పిట్టలు నీడకు చేరతాయి. పూసిన మోదుగ చెట్టు దొరికితే దాన్ని వదలకండి. తేనె కోసం గోరింకలు, తేనెపిట్టలు అక్కడికే వస్తాయి. కరెంటు తీగ మీద పాలపిట్ట కనిపిస్తే కాసేపు ఆగండి. జతకట్టే కాలం కదా, పైకెగిరి గాల్లో పల్టీలు కొడుతూ కిందికి దూకుతుంది. "కుహూ" అని కూసేది మాత్రం మగ కోకిల. ఆడది గోధుమరంగు మీద తెల్ల చుక్కలతో ఉంటుంది, చాలామంది దాన్ని వేరే పక్షి అనుకుంటారు.

ఉగాది అమావాస్య మర్నాడే కాబట్టి రాత్రి వెన్నెల అడ్డు ఉండదు. ఫోన్ పక్కన పెట్టి, కళ్లు చీకటికి అలవాటు పడటానికి అరగంట ఇవ్వండి. చీకటి పడగానే పడమటి వైపు గొల్లకావడి, మూడు చుక్కలు వరసగా. పదింటికి ఈశాన్యాన గరిటెలా కనిపించే ఏడు చుక్కల సప్తర్షి మండలం. ఆ గరిటె కాడ వంపును అలాగే పొడిగిస్తే నారింజరంగు స్వాతి, అదే వంపులో ఇంకా ముందుకెళ్తే తెల్లటి చిత్త. చైత్రానికి ఆ పేరొచ్చింది ఈ చిత్త వల్లే.

చీకటికి అలవాటు పడ్డ కళ్లు చెదరకుండా టార్చికి ఎర్ర కాగితం చుట్టండి. గట్ల మీద పాములుంటాయి, బూట్లు మర్చిపోవద్దు.