ఆ పెట్టెల్లో ఏం వెతకాలి?

ప్రశ్న: మాది గుంటూరు. ఆస్టిన్‌లోని టెక్సాస్ యూనివర్సిటీలో పబ్లిక్ పాలసీ చదువుతున్నాను. ఆర్కైవ్‌లో దాచిన ఒక మహిళ కాగితాలు చూసి టర్మ్ పేపర్ రాయమన్నారు మా ప్రొఫెసర్. క్యాంపస్‌లోనే ఉన్న బెన్సన్ లైబ్రరీలో మార్తా కొతేరా కాగితాలు ఎంచుకున్నాను. ఆమె చికానా (మెక్సికన్ అమెరికన్ మహిళ) రచయిత్రి, లైబ్రేరియన్, విద్యాసంస్థలు నడిపిన మనిషి. డైరీలు, సొంత ఉత్తరాలు ఉంటాయనుకున్నాను. పెట్టె తెరిస్తే మీటింగు మినిట్సు, గ్రాంటు దరఖాస్తులు, కరపత్రాలు! చాలా టెన్షన్‌గా ఉంది. టాపిక్ మార్చుకోమంటారా?
– ఒక పాఠకురాలు, ఆస్టిన్

జవాబు: మార్చకండి. మీ చేతికి చాలా మంచి పెట్టెలు దొరికాయి. నా ఉద్యోగమంతా ఒక యూనివర్సిటీ లైబ్రరీలో, పాత కాగితాల విభాగంలోనే గడిచింది. అక్కడ నాకు బాగా గుర్తుండిపోయింది ఏ కవి రాతప్రతీ కాదు, లేడీస్ హాస్టల్ దారిలో దీపాలు వేయించమని ఒక వార్డెన్ గారు ఏటేటా రాసిన ఉత్తరాల కట్ట. ఆవిడ ఏం ఆలోచించారో, ఎవరు అడ్డుపడ్డారో, చివరికి ఎవరు సంతకం పెట్టారో అంతా అందులోనే ఉంది.

మీ పెట్టెల్లోనూ అదే వెతకండి. కొతేరా 1938లో మెక్సికోలోని చివావా రాష్ట్రంలో పుట్టారు, చిన్నప్పుడే ఎల్ పాసో వచ్చేశారు. 1969లో టెక్సాస్‌లోని క్రిస్టల్ సిటీ హైస్కూల్లో మెక్సికన్ అమెరికన్ పిల్లలు బడి బహిష్కరించారు. బడిలో ఎక్కువమంది వాళ్ళే. అయినా ఆటల పోటీల్లో తమ జట్టును ఉత్సాహపరిచే చీర్‌లీడర్ల ఎంపిక నుంచీ ప్రతిదాంట్లోనూ వాళ్ళని వెనక్కి నెట్టేవారు. అలా బయటికొచ్చిన పిల్లలకు పాఠాలు చెప్పడానికి వెళ్ళినవాళ్ళలో కొతేరా దంపతులున్నారు. ఆ ఊరి ఉద్యమం నుంచే 1970లో రాసా ఉనీదా అనే మెక్సికన్ అమెరికన్ల రాజకీయ పార్టీ పుట్టింది. దాదాపు అదే సమయంలో మెర్సిడెస్ అనే చిన్న ఊళ్ళో హసింతో త్రెవీన్యో కాలేజీ పెట్టినవాళ్ళలోనూ ఆవిడ ఉన్నారు. 1974లో ఆస్టిన్‌లో చికానా పరిశోధన కేంద్రం మొదలుపెట్టారు. 1976లో, 1977లో చికానాల చరిత్ర మీద, స్త్రీవాదం మీద రెండు పుస్తకాలు తెచ్చారు.

ఇన్ని సంస్థలు పెట్టాలంటే ఎన్ని దరఖాస్తులు రాయాలో ఆలోచించండి. గ్రాంటు దరఖాస్తులో ‘మాకు ఇది ఎందుకు కావాలి’ అని రాసే పేరా ఒకటి ఉంటుంది. ముందు అది చదవండి. ఆ రోజుల్లో ఒక చికానా తన జనం పరిస్థితిని డబ్బిచ్చేవాళ్ళకి ఎలా చెప్పాల్సి వచ్చిందో తెలుస్తుంది. అదే ఏడాది తనవాళ్ళ కోసం వేసిన కరపత్రం పక్కన పెట్టి చూడండి. రెండింటికీ మాటతీరులో ఎక్కడ తేడా ఉందో చూస్తే, మీ పేపర్ సగం అక్కడే తయారవుతుంది.

ఇక ఈవిడ కాగితాలనే ఎందుకు వదలొద్దంటున్నానో చెప్తాను. ఆవిడ స్వయంగా ఇతరుల కాగితాలు పోకుండా చూసిన మనిషి. బెన్సన్‌లో 1974లో మెక్సికన్ అమెరికన్ లైబ్రరీ విభాగం పెట్టినప్పుడు అందులో ఆవిడ చెయ్యి ఉంది. హోవీతా గొన్సాలెస్ అని, 1930లో టెక్సాస్ యూనివర్సిటీలో ఎం.ఏ. థీసిస్ రాసిన విదుషి ఒకావిడ ఉండేవారు. తర్వాతి ఏళ్ళలో ఒక స్నేహితురాలితో కలిసి ‘కబయ్యేరో’ అనే పెద్ద చారిత్రక నవల రాశారు. అప్పుడెవరూ వెయ్యలేదు. 1970ల్లో కొతేరా ముసలివాళ్ళైన హోవీతా గారినీ ఆవిడ భర్తనూ ఇంటర్వ్యూ చేస్తూ రాతప్రతి సంగతి అడిగారు. అది నాశనమైపోయిందని భర్త చెప్పారు. ఆయనకు కనబడకుండా హోవీతా గారు మాత్రం ‘కాదు’ అన్నట్టు చేత్తో సైగ చేశారు!

ఆ దంపతుల కాగితాలు తర్వాత కార్పస్ క్రిస్టీలోని టెక్సాస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీకి చేరాయి, నవల 1996లో అచ్చయింది. సంపాదకుల్లో ఒకరు హోసే లిమోన్, రెండోవారు మార్తా గారి అమ్మాయి మరియా కొతేరా. ఇది ఎప్పుడు తలుచుకున్నా నాకు ఒళ్ళు పులకరిస్తుంది. ఆ ఇంట్లో అడగాలని కొతేరాకు తోచకపోయి ఉంటే?

పరిపాలన కాగితాలు విసుగు అంటారు కాబట్టి ఇంకొక్కటి. సెసీలియా బుర్సియాగా 1970ల నుంచి స్టాన్‌ఫర్డ్‌లో అధికారిగా పనిచేశారు. 1994లో బడ్జెట్ కోతల పేరుతో ఆవిడ ఉద్యోగం తీసేస్తే నలుగురు చికానా విద్యార్థినులు క్యాంపస్‌లో నిరాహారదీక్షకు కూర్చున్నారు. చికానో అధ్యయనాల విభాగం కావాలన్నది వాళ్ళ డిమాండ్లలో ఒకటి. పిల్లలు దీక్షకు కూర్చునేంతగా ఒక అధికారి వాళ్ళకేం చేసిందో ఉపన్యాసాల్లో దొరకదు. సిఫారసు లేఖల్లో, అడ్మిషన్ల మెమోల్లో వెతకాలి.

మీ గదికి నాలుగడుగుల దూరంలో ఇంకా చాలా ఉన్నాయి. చికానా రచయిత్రి గ్లోరియా ఆన్సల్దూవా 2004లో పోయాక ఆవిడ కాగితాలు 2005లో బెన్సన్‌కే వచ్చాయి. ఆవిడ ఇంట్లో పూజగా అమర్చుకున్న వస్తువులు మాత్రం కాలిఫోర్నియాలో, శాంటా క్రూజ్ యూనివర్సిటీలో ఉన్నాయి. కానీ ఈ సెమిస్టర్‌కి అటు పోకండి. ఒక్క మనిషిని పట్టుకోండి.

పద్ధతి విషయం. ముందు ఫైండింగ్ ఎయిడ్ (ఏ పెట్టెలో, ఏ ఫోల్డర్‌లో ఏముందో చెప్పే జాబితా) మొత్తం చదవండి, నెట్‌లో దొరుకుతుంది. అందులోంచి మూడు నాలుగేళ్ళ కాలం ఒకటి ఎంచుకుని, ఆ ఏళ్ళ ఫోల్డర్లే అడగండి. ఫోల్డర్‌లో కాగితాల వరస చెదరనివ్వకండి. ఏ బిల్లు ఏ ఉత్తరం వెనక ఉందన్నది కూడా సమాచారమే. పెన్సిల్‌తోనే రాసుకోండి. మరియా కొతేరా, లిండా గార్సియా మర్చంట్ కలిసి 2009లో మొదలుపెట్టిన ‘చికానా పోర్ మి రాసా’ అనే డిజిటల్ సేకరణ కూడా చూడండి. వాళ్ళు ఆ తరం మహిళల ఇళ్ళకే వెళ్ళి, కాగితాలు స్కాన్ చేసి, మాటలు రికార్డు చేశారు. మినిట్సులో ఒక్క ముక్కలో తేల్చేసిన గొడవ వాళ్ళ నోట వింటే వేరుగా ఉంటుంది.

ఫొటోలు తీసుకునే ముందు డెస్క్ దగ్గర అనుమతి అడగండి. ప్రతి ఫొటోలోనూ పెట్టె నంబరు, ఫోల్డర్ నంబరు రాసిన చీటీ కనబడేలా పెట్టండి. లేకపోతే ఫుట్‌నోట్లు రాసే రాత్రి చాలా ఏడుస్తారు.